గ్రీజులో గింజలు

"నేనే చంపాను సార్. రాసిమ్మంటే రాసిస్తాను," అన్నాడు ఆపరేటరు.

ఈ వృత్తిలో నా జుట్టు సగం నెరిసింది. "నాకేం తెలీదు సార్" అనేవాళ్ళ నోట నిజం కక్కించడం నాకు అలవాటే. చంపానని తలవంచుకు కూర్చున్నవాడి చేత కాదనిపించడం మాత్రం ఇదే మొదలు. నన్ను ఈ పనికి పెట్టింది అతని భార్య. చేతిసంచి గుండెలకు హత్తుకుని గోడవార నిలబడి, మొగుడి వంకే చూస్తోంది.

బల్లకు అవతల ఫ్యాక్టరీ సెక్యూరిటీ చీఫ్. ఆయన్ని వెనకాల అందరూ తాళంకప్ప అంటారు. ఒకసారి ఒక అభిప్రాయానికి వచ్చాడంటే తాళం వేసి చెవి పారేసినట్టే. ఆపరేటరు సంతకం పెట్టాల్సిన కాగితం అప్పటికే టైపు చేయించి, మీద కలం కూడా పెట్టి ఉంచాడు.

"సాయంత్రం పోలీసులు మళ్ళీ వస్తారు. ఈలోగా సంతకం అయిపోతే అందరికీ మంచిది. అజాగ్రత్త వల్ల జరిగిన చావు అని రాశాం. ఇతనికి శిక్ష తగ్గుతుంది," అన్నాడు తాళంకప్ప.

"మీకు పని కూడా తగ్గుతుంది," అన్నాను.

ఆయన మొహం చిట్లించాడు. నేను ఆపరేటరు వైపు తిరిగాను.

"ఎలా చంపావు?"

"పిడి తప్పువైపు తిప్పాను."

"తిప్పినట్టు గుర్తుందా?"

"అదే సార్... గుర్తు లేదు. రోజూ చేసే పనే కదా. చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది. ఆ రోజు ఎటు తిప్పిందో నాకే తెలీదు."

"రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారండీ," అంది భార్య. "చీకట్లో కుడిచెయ్యి ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంటున్నారు. పోయిన మా వదినంటే, సొంత అక్కంటే, ఈయనకు ప్రాణం. అత్తగారు పోయాక చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇవాళ్టికీ వంట నాది, మోత ఆవిడది. చేతికిస్తే బస్సులో మర్చిపోతాడని ఈయన అన్నం డబ్బా పొద్దున్నే తనే పట్టుకెళ్ళి ప్యానెల్ పక్కన పెట్టేది. రెండింటికి ముందు క్యాంటీన్లో వేడి చేయించి మళ్ళీ అక్కడే పెట్టేది. పెళ్ళాన్ని నేనుండగా మీకెందుకండీ అని పోట్లాడేదాన్ని. వినేదా!"

ఆ మాటలకు ఆపరేటరు ఒక్కసారి కళ్ళెత్తాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. నేనది చూశాను, కానీ అప్పుడు అడగలేదు. అడిగి ఉంటే సగం రోజు కలిసొచ్చేది.

ఇక్కడ ఆ ఫ్యాక్టరీ సంగతి నాలుగు ముక్కలు చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. అణు రియాక్టరులో వేసే ఇంధనం గింజలకు అక్కడ పూతలు పూస్తారు. నడుమ యురేనియం, నలుసంత. పూతలన్నీ పూసేసరికి ఆవగింజంత అవుతుంది. కొలిమి ఒక గరాటు లాంటిది. కింది చిల్లులోంచి ఆర్గాన్ గ్యాసు పైకి కొడుతుంటే గింజలు మరిగే నీళ్ళలో బియ్యంలా ఎగురుతుంటాయి. అప్పుడు వంటగ్యాసు జాతి గ్యాసు పంపితే, అది వేడికి విరిగి కార్బనై గింజలకు అంటుకుంటుంది. ముందు మెత్తని కార్బన్, దానిమీద గట్టి కార్బన్. ఆ పైన కరకు రాతి పూత. చిట్టచివర మళ్ళీ గట్టి కార్బన్. రియాక్టరులో గింజ కడుపులోని విషం బయటికి రాకుండా కాపలా కాసేవి ఈ నాలుగు పూతలే.

కొలిమి కింద మనిషి దిగేటంత గుంట ఉంది. గ్యాసు తగ్గితే గింజలు చిల్లులోంచి రాలిపోతాయి కనుక, వాటిని పట్టడానికి గుంటలో ఒక స్టీలు గిన్నె పెడతారు. గిన్నె పక్కనే ఆర్గాన్‌ను బయటికి వదిలే వాల్వు. దాని పొడుగు పిడి పైదాకా, కొలిమి దగ్గరికి వచ్చి ఉంటుంది. డ్యూటీ ఎక్కిన ఆపరేటరు మొదట చేసే పని ఆ పిడిని మూసేవైపు ఒకసారి బిగించి చూడడం. చిక్కల్లా ఏమిటంటే, దాని పక్కనే మండే గ్యాసు పిడి కూడా ఉంటుంది. మండే గ్యాసుకి మరలు ఎడమవాటం. ఒకటి కుడికి మూస్తే రెండోది ఎడమకి మూయాలి. రెండూ కలిసి ఆపరేటర్లను వెక్కిరిస్తున్నట్టే ఉంటాయి.

చనిపోయినావిడ ఆ ఫ్యాక్టరీలో గింజల్ని కోసి, సానబెట్టి, మైక్రోస్కోపు కింద పూతలు పరీక్షించే మనిషి. అందరూ భూతద్దం అనేవారు. ఆవిడ సొంత తమ్ముడు, అంటే మన ఆపరేటరు, మధ్యాహ్నం రెండింటి డ్యూటీ ఎక్కాడు. పూతలన్నీ అయ్యాక గింజల్ని దించి, గిన్నె కోసం గుంట మూత ఎత్తి టార్చి వేస్తే, నిచ్చెన మొదట్లో అక్క పడి ఉంది. గుంట నిండా ఆర్గాన్. దానికి వాసన లేదు, రంగు లేదు. గాలికన్నా బరువు కాబట్టి బావిలో నీళ్ళలా అడుగునే ఉండిపోతుంది. రెండు ఊపిర్లు పీలిస్తే మనిషి కూలిపోతాడు. గుంటలోని గాలి లాగే ఫ్యాన్ ఆపేసి ఉంది. ఆర్గాన్ పిడి తెరిచేవైపు ఉంది. గ్యాసు తగ్గితే మోగాల్సిన గంట ఎప్పట్నుంచో మూగబోయి ఉంది.

"కథ సరిపోయింది కదా! రెండింటికి ఇతను పిడి తప్పువైపు తిప్పాడు. గుంట నిండింది. ఆ తర్వాత ఆవిడ దిగింది," అన్నాడు తాళంకప్ప.

"ఆ తర్వాతే దిగిందని ఎవరన్నారు?"

"ల్యాబు మేడమ్. భూతద్దానికి పై అధికారి. రెండున్నరకు భూతద్దం తన గదికొచ్చి మాట్లాడి వెళ్ళిందని చెప్పారు."

"డాక్టరేమన్నాడు?"

"కొలిమి వేడికి ఒళ్ళు చల్లబడలేదు, వేళ కచ్చితంగా చెప్పలేనన్నాడు."

అంటే రెండు దాటాక ఆవిడ ప్రాణాలతో ఉందనడానికి ఒకే ఒక్క నోరు సాక్ష్యం. ఒక్క కాలి మీద నిలబడ్డ బల్ల మీద నేను చెయ్యి వెయ్యను.

"గుంట చూస్తాను," అన్నాను.

"నేను చూశాను."

"మీరు చూసింది మీకు కనపడింది. నన్ను కూడా చూడనివ్వండి."

"చూడండి. ముట్టుకోవద్దు. వాల్వుకి నా సీలు ఉంది."

*

ఫ్యాన్ వేయించి, గాలి కొలిచే పరికరం పచ్చగా వెలిగాకే దిగనిచ్చాడు. ఆ జాగ్రత్తకు నాకాయన మీద కాస్త గౌరవం కలిగింది. బయటపెట్టలేదు. ఇద్దరం చేతులకు తొడుగులు వేసుకుని దిగాం.

ఇరుకు గుంట. గోడలకు, పైపులకు, నిచ్చెన మెట్లకు సన్నని మసి. పంట్లాం ఆనిన చోటల్లా నల్లగా మరక పడుతోంది. గిన్నె మాత్రం పెళ్ళికూతురిలా మెరుస్తోంది.

"దీన్నెవరు కడిగారు?"

"ఎవరూ కడగలేదు. ఇతను గింజలు దించాక గిన్నె తియ్యడానికి వచ్చేసరికే శవం కనపడింది. ఆ తర్వాత నేనెవర్నీ దిగనివ్వలేదు."

"ఈ మసిలో ఇంత శుభ్రమైన గిన్నె ఎలా ఉంది మరి?"

"పనితనం ఉన్న ఫ్యాక్టరీ కనుక," అన్నాడు తాళంకప్ప.

"చీఫ్ గారూ, కాస్త ఆలోచించండి. మీ లెక్క ప్రకారం రెండింటికి వాల్వు తెరుచుకుంది. ఆర్గాన్ గుంటలోకి పోయింది. అంటే కొలిమికి గ్యాసు తగ్గింది. గింజలు రాలాలి. గిన్నెలో ఒక్కటి కూడా లేదేం?"

ఆయన గిన్నె వంక చూశాడు. నా వంక చూశాడు. "రాలి ఉండకపోవచ్చు," అన్నాడు. కానీ గొంతులో పాత బిగువు లేదు.

టార్చి తీసుకుని వాల్వు దగ్గర గొంతుక్కూచున్నాను. మైనం సీలు చెక్కుచెదరలేదు. తెరిచి ఉంది కనుక మరల కాడ పైకి లేచి ఉంది. దానికి దట్టంగా గ్రీజు. ఆ గ్రీజులో, మరల సందుల్లో, నల్లటి గింజలు గుచ్చుకుని ఉన్నాయి. కొన్ని మరల మధ్య నలిగి చితికాయి. కొన్ని గుండ్రంగానే ఉన్నాయి.

మనిషిని చంపినవాళ్ళు గిన్నె కడిగారు కానీ గ్రీజు సంగతి మరిచిపోయారు.

"చూడండి," అన్నాను. "వాల్వు మూసి ఉంటే ఈ మరలు లోపల దాక్కుంటాయి. వీటి మీద గింజ పడాలంటే వాల్వు తెరిచి ఉన్నప్పుడే పడాలి. మరల మధ్య గింజ నలగాలంటే, పడ్డాక ఎవరో వాల్వు మూసి ఉండాలి. మీరు చూసేసరికి అది తెరిచి ఉంది. అంటే తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. చెయ్యి తప్పినవాడు ఒకసారి తప్పుతాడు. ఇన్నిసార్లు తిప్పడు."

"తప్పు తెలిసి తనే మూసి, భయపడి మళ్ళీ తిప్పి ఉండొచ్చు."

తాళం ఊరికే ఊడదు. ఆ మాటకొస్తే ఆయన సందేహమూ నిజమే. ఈ గింజలు రాలిన వేళ తెలియాలి. ఆపరేటరు రెండింటికి ముందు ఆ గడప తొక్కలేదని గేటు దగ్గర అందరికీ తెలుసు. గింజలు అంతకు ముందే రాలాయని తేలితే ఆ చెయ్యి అతనిది కాదు.

"సీలు తియ్యకుండా సూదితో కొన్ని తీస్తాను. మీ కళ్ళముందే. రెండు పొట్లాలు కడదాం. ఒకటి మీ సీలుతో మీ జేబులో, ఒకటి నా దగ్గర," అన్నాను.

"నా జేబులో ఎందుకు?"

"మీరంటే నాకు పడదు. కానీ మీ జేబులోంచి ఎవరూ ఏమీ తియ్యలేరు."

ఆయన నవ్వలేదు. పొట్లం మాత్రం చిన్న సీసపు డబ్బీలో పెట్టి, సీలు వేసి, లోపలి జేబులో భద్రంగా దాచుకున్నాడు.

*

పైకొచ్చేసరికి, గ్యాసు కొలిచే ముళ్ళుండే ప్యానెల్ దగ్గర పొద్దుటి డ్యూటీ ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. ఫ్యాక్టరీ అంతటికీ బాబాయి. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి. ఆపరేటరుకి పని నేర్పింది ఈయనే.

"వాడు అమాయకుడు బాబూ. ఏదో చెయ్యి జారింది. పెద్ద మనసు చేసుకుని వదిలెయ్యమనండి," అన్నాడు.

అమాయకుడని చెబుతూనే నేరం వాడి నెత్తిన రుద్దే సానుభూతి అంటే నాకు మహా మంట.

"మీ డ్యూటీలో గ్యాసు తగ్గిందా?"

"తగ్గలేదు. నా కళ్ళు ముల్లు మీదే ఉంటాయి. కార్బన్ పూతలు రెండూ నా చేతిమీదే అయ్యాయి. రాతి పూత సగంలో ఉండగా వాడికి అప్పజెప్పాను."

"సీటు వదిలి కదల్లేదా?"

"పూత నడుస్తుండగా సీటు వదిలితే ఉద్యోగం ఊడుతుంది బాబూ."

మాట్లాడుతూనే సొరుగులోంచి బిస్కెట్ల పొట్లం తీసి, ఒకటి నోట్లో వేసుకుని, మళ్ళీ లోపలికి తోశాడు. సొరుగులో షుగరు మాత్రల పట్టీ కనపడింది.

"షుగరా?"

"ఎప్పట్నుంచో."

"పదకొండు దాటితే ఏదైనా తినకపోతే కళ్ళు తిరుగుతాయేమో? మా అన్నయ్యకూ అంతే. బిస్కెట్లతో ఆగదు. కూర్చుని తినాల్సిందే."

"తినాల్సిందే" అన్నాడు. ఆ వెంటనే ఏమన్నాడో తెలిసొచ్చి నోరు మూసుకున్నాడు.

"మరి ఆ రోజు ఎక్కడ కూర్చుని తిన్నారు బాబాయిగారూ?"

ఆయన సొరుగు మూసేశాడు. పక్కనున్న తాళంకప్ప ఒక అడుగు ముందుకేశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"నేను మీ ఉద్యోగం తియ్యడానికి రాలేదు. మీరు పని నేర్పిన కుర్రాడు అక్కని చంపానని సంతకం పెట్టబోతున్నాడు. మీ సీట్లో ఎవరు కూర్చున్నారు?"

"ల్యాబు మేడమ్," అన్నాడు బాబాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తనే వచ్చి, మీరు క్యాంటీనుకి వెళ్ళి తిని రండి, నేను చూస్తుంటాను అంది. ఎంత మంచి మనిషో అనుకున్నాను. కార్బన్ పూత అయ్యేలోపే తిరిగొచ్చేశాను. గుంట మూత మూసే ఉంది. ఇందులో ఏముంది బాబూ? ఆ అమ్మాయి మధ్యాహ్నం కదా పోయింది!"

"మధ్యాహ్నం అని ఎవరు చెప్పారు?"

"మేడమే చెప్పింది," అన్నాడు. అని, తను కూర్చున్న సీటు వంక చూసుకున్నాడు.

"సీటు వదిలినవాడి మాట. తనని కాపాడుకోవడానికి ఎవరి పేరైనా చెబుతాడు," అన్నాడు తాళంకప్ప నాతో పక్కకొచ్చి. "మేడమ్ ఈ ఫ్యాక్టరీకి వెన్నెముక."

"అందుకే ఆవిడ చేతే పరీక్ష చేయిద్దాం. మీకు నమ్మకం కదా."

ఆయన ఒప్పుకున్నాడు. ల్యాబుకు వెళ్ళేదారిలో నాకు క్యాంటీను వంటగదిలో ఒక చిన్న పని పడింది. అదేమిటో తర్వాత చెప్తాను.

*

ల్యాబు మేడమ్ నెమ్మదస్తురాలు. మాట తొణకదు. బల్ల మీద ప్రతి వస్తువూ దాని చోట అది ఉంది. కిటికీ పక్కన భూతద్దం కూర్చునే కుర్చీ, దాని ముందు గుడ్డ కప్పిన మైక్రోస్కోపు.

"ఆవిడ మూడు బ్యాచ్‌లు ఆపేసిందటగా, క్యాంటీనులో చెప్పుకుంటున్నారు," అన్నాను.

"ఆవిడ అభిప్రాయం ఆవిడది. వెలుతురు తిప్పి చూస్తే కార్బన్ మీద నల్లటి శిలువ కనపడుతోందనేది. అంటే పూత ఒకే వాటంగా పేరుకుందని, రియాక్టరులో ఆ పూత పగులుతుందని ఆవిడ భయం."

"మీకు కనపడలేదా?"

"నాకు అనుభవం ఉంది," అంది మేడమ్. "అంతకుముందు బ్యాచ్‌లన్నీ నేను చూసి పంపినవే. ఎక్కడా చిక్కు రాలేదు."

"ఆవిడ పోయిన రోజు బ్యాచ్‌ని చూడొచ్చా?"

"అది చెడిపోయింది. యాసిడ్‌లో కరిగించేశాను. రూలు."

ఎంత తొందర! అనుమానం నాకు పుట్టుమచ్చలాంటిది, చెరిపినా పోదు. అయినా మొహం అమాయకంగా పెట్టి అడిగాను.

"మేడమ్, రాలిన గింజ ఎప్పుడు రాలిందో చెప్పగలరా?"

ఆవిడ వేళ్ళు బల్ల మీద ఒక్క క్షణం ఆగాయి. "ఎందుకు చెప్పలేం? గింజని గాలి తగిలేలా బాగా కాలుస్తాం. కార్బన్ కాలిపోతుంది, రాతి పూత కాలదు. రాతి పూత పడ్డ గింజ గుండ్రంగా మిగులుతుంది. పడని గింజకి కార్బన్ పోయాక యురేనియం బయటపడి, గాలికి ఉబ్బి, పొడైపోతుంది."

"అంటే గుండ్రంగా మిగిలితే మధ్యాహ్నం డ్యూటీలో రాలినట్టు. పొడైతే పొద్దుటి కార్బన్ పూత దగ్గరే రాలినట్టు. అంతేనా?"

"అంతే. ఎందుకడుగుతున్నారు?"

జేబులోంచి పొట్లం తీసి ఆవిడ ముందు పెట్టాను. గ్రీజు కాగితంలోంచి బయటికి ఊరుతోంది. "గుంటలో, వాల్వు మరల్లో దొరికాయి. మీరే కాల్చి చెప్పాలి. ఒక మనిషి బతుకు దీనిమీద ఆధారపడి ఉంది."

ఆవిడ పొట్లం వైపు చూసింది. తర్వాత చిమటాతో అందుకుని పింగాణీ పళ్ళెంలో పెట్టుకుంది.

"భోజనాలు చేసి రండి. ఈలోగా అయిపోతుంది," అంది.

*

మేం తిరిగొచ్చేసరికి ఆపరేటర్నీ అతని భార్యనీ కూడా అక్కడికి రప్పించి ఉంది మేడమ్. ఆవిడే దయ తలచి పిలిపించిందట. పళ్ళెం బల్ల మధ్యలో ఉంది. అందులో గింజలు తళతళలాడుతూ గుండ్రంగా, ఒక్కటి కూడా చితక్కుండా ఉన్నాయి.

"చూడండి," అంది మేడమ్ బాధగా. "పైకార్బన్ కాలిపోయింది. రాతి పూత అలాగే ఉంది. ఇవి మధ్యాహ్నం రాలినవే. నాకు ఈ మాట చెప్పాలని లేదు."

ఆపరేటరు కుర్చీలో కూలబడ్డాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దానివంకే చూస్తున్నాడు. అతని భార్య నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. నమ్ముకున్నందుకు నట్టేట ముంచావు కదా అన్నట్టుంది.

తాళంకప్ప కాగితం తీసి బల్ల మీద పరిచాడు. "ఇక చాలు డిటెక్టివ్ గారూ. మీరు అడిగిన పరీక్షే, మీరిచ్చిన గింజలే. ఇంకేమైనా ఉందా?"

"ఒక్క ప్రశ్న. మేడమ్, ఈ గింజలు నేనిచ్చిన పొట్లంలోవేనా?"

"ఇంకెక్కడివి?"

"గ్రీజు కడిగి మీరే పళ్ళెంలో వేశారా?"

"నా చేత్తో నేనే."

"కడిగేటప్పుడు ఒకసారి భూతద్దం కింద పెట్టి చూశారా?"

"చూడకుండా ఎలా కాలుస్తాను? నల్లగా, గుండ్రంగా, అన్నీ కార్బన్ పూతతో ఉన్నాయి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కాళ్ళు నొప్పులు పుడుతున్నాయి.

"అవి ఆవాలు మేడమ్," అన్నాను.

ఆపరేటరు భార్య పళ్ళెం మీదికి వంగింది.

"ఆవాలా?" అన్నాడు తాళంకప్ప.

"పోపులో వేసే ఆవాలే. మీ క్యాంటీను వంటమనిషి నడిగి ఒక చిటికెడు తెచ్చుకున్నాను. ప్యానెల్ దగ్గర గ్రీజు డబ్బా ఉంటే అందులో పొర్లించి పొట్లం కట్టాను. కడిగి చూసినవాళ్ళెవరైనా నన్ను చెప్పు తీసుకుని తరిమేవాళ్ళు. కాల్చినా బూడిదే మిగిలేది. ఆవాల్ని కాలిస్తే రాతి పూత వేసిన యురేనియం గింజలు వచ్చాయంటే, మేడమ్ గారి కొలిమికి దండం పెట్టాలి."

మేడమ్ మొహంలో మార్పు లేదు. చేతిలోని చిమటాను దాని చోట పెట్టేసింది.

"మీరు పొట్లం విప్పనే లేదు," అన్నాను. "విప్పాల్సిన అవసరం మీకు లేదు. అందులో గింజలు కాలిస్తే పొడవుతాయని మీకు ముందే తెలుసు. ఎందుకంటే అవి రాలిన వేళ మీకు తెలుసు. బాబాయిని తినడానికి పంపి ప్యానెల్ దగ్గర కూర్చున్నది మీరు. గిన్నె తెమ్మనో, ఇంకేమైనా చెప్పో, ఆవిణ్ణి గుంటలోకి దింపింది మీరు. ఫ్యాన్ ఆపి, పిడి తిప్పి, గుంట నిండాక మళ్ళీ మూశారు. గాలి సిలిండరు ముసుగు పెట్టుకుని దిగి, రాలిన గింజలు కనపడకుండా గిన్నె తుడిచారు. సాయంత్రం ఇతను దించిన గింజల్ని పక్కకు చేర్చే వేళ చూసి పిడి మళ్ళీ తిప్పి, పాపం ఇతని మీద పెట్టారు. అంతా ఆవిడ నోరు విప్పితే మీరు చూసి పంపినవన్నీ వెనక్కొస్తాయని."

"కట్టుకథ," అంది మేడమ్. చీఫ్ వైపు తిరిగింది. "ఈయన సాక్ష్యాన్ని మార్చాడు. తనే ఒప్పుకుంటున్నాడు. ఇక ఈయన మాటకి విలువేముంది? అసలు గింజలు ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు!"

దెబ్బ సరిగ్గానే కొట్టింది. జవాబు తాళంకప్ప దగ్గరుంది, అది కూడా ఆయన ఇష్టపడి ఇస్తేనే. నేను ఆయన వంక చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుందని.

ఆయన లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. సీసపు డబ్బీ తీసి, టైపు చేసిన కాగితం మీదే పెట్టాడు.

"ఇదిగో నా సీలు," అన్నాడు. "నా కళ్ళముందు తీసిన గింజలు. పొద్దుట్నుంచి నా ఒంటిమీదే ఉన్నాయి. పక్క బిల్డింగులో ఇంకో కాల్చే కొలిమి ఉంది. అక్కడి అమ్మాయి చేత, నేను పక్కన నిలబడి కాల్పిస్తాను. మేడమ్, మీరు ఈ గదిలోంచి కదలొద్దు."

"మీరు కూడా..." అంది మేడమ్.

"నేను తాళంకప్పని," అన్నాడాయన. వెనకాల ఏమంటారో ఆయనకు ఎప్పట్నుంచో తెలుసన్నమాట.

*

ఆ గింజలు పొడైపోయాయి. పళ్ళెం అడుగున నల్లటి మెత్తటి పొడి తప్ప ఏమీ మిగల్లేదని తాళంకప్ప తనే వచ్చి చెప్పాడు. మేడమ్ గది బయట అప్పటికే ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు. ఆవిడ పంపించేసిన బ్యాచ్‌లన్నీ వెనక్కి రప్పించమని ఫోన్లు మొదలయ్యాయి. భూతద్దానికి కనపడ్డ నల్ల శిలువ ఇప్పుడు అందరికీ కనపడక తప్పదు.

సెక్యూరిటీ గదికి వెళ్ళి ఆపరేటరు ఎదురుగా కూర్చున్నాను. భార్య అతని భుజం మీద చెయ్యేసి ఉంది. టైపు చేసిన కాగితాన్ని తాళంకప్ప నాలుగు ముక్కలు చేసి, ముక్కలు ఎక్కడ పారెయ్యాలో తెలియక జేబులో కుక్కుకున్నాడు.

"నువ్వు పిడి మూసేవైపే తిప్పావు," అన్నాను. "నీ చెయ్యి తప్పలేదు. నువ్వు డ్యూటీ ఎక్కకముందే అంతా అయిపోయింది."

అతను ఎగిరి గంతేస్తాడని నేను అనుకోలేదు. కనీసం ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. అతను మెల్లగా తలెత్తి, "ముందేనా?" అన్నాడు.

"అవును."

"అయితే రెండింటికి నేనొచ్చేసరికే అక్క కింద ఉందా?"

నేను తలూపాను. అబద్ధం చెప్పాలనిపించింది, నిజంగా. కానీ పొద్దుట్నుంచీ అక్కడ చాలా అబద్ధాలు విన్నాను.

"డబ్బా చల్లగా ఉంది సార్," అన్నాడు.

"ఏ డబ్బా?"

"నా అన్నం డబ్బా. ఆ రోజు ప్యానెల్ పక్కనే ఉంది. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. అక్క వేడి చేయించలేదు. ఎప్పుడూ అలా చెయ్యదు. పనిలో పడి నన్ను మర్చిపోయిందని కోపమొచ్చింది. తిట్టుకుంటూ తిన్నాను. మూత మీదే కూర్చుని..."

పొద్దున అతను మింగేసిన మాట ఇదే. అప్పుడే అడిగి ఉంటే కాల్చడాలూ పొట్లాలూ లేకుండానే సగం కేసు తేలిపోయేది. ఆ చల్లారిన అన్నమే వేళ చెప్పేది. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"గుంట మూత మీద కూర్చునే తిన్నాను సార్," అన్నాడు మళ్ళీ.

భార్య అతని తల కడుపుకు అదుముకుంది. అక్క పోయిన రోజు నుంచి ఆ మనిషి చెయ్యి తిప్పి చూసుకోవడమే తప్ప ఏడవలేదని ఆవిడ నాకు తర్వాత చెప్పింది. ఇప్పుడు ఏడ్చాడు. తాళంకప్ప తలుపు దగ్గరకేసి, మేమిద్దరం తప్ప ఇంకెవరూ వినకుండా, దానికి ఆనుకుని నిలబడ్డాడు.